ఆది జాకెట్టు

ఆగిరిపల్లి,
18-4-1987.

అమ్మకు ప్రమీల నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేం ముగ్గురం, పాడీ తోటా అంతా బాగున్నాం. భిలాయిలో నువ్వూ, అన్నయ్యా వదినా, పెళ్ళికూతురు కృష్ణవేణీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ క్షేమాల మాట నువ్వు చదవవని నాకు తెలుసు. కళ్ళజోడు పెట్టుకోగానే నా ఉత్తరంలో కేజీల అంకె ఎక్కడుందా అని వెతుకుతావు. ఈసారి కూడా అది ఎక్కడా లేదు. అందుకని మొదట్నించీ వరసగా చదువుకో.

నీ ఉత్తరం ఉగాది మర్నాడే అందింది. పార్సెల్ దానికంటే ముందే వచ్చింది. జవాబు ఆలస్యమైనందుకు కోతల హడావిడి అని రాయొచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. కానీ అది నిజం కాదు. ఏం రాయాలో తేల్చుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మొన్నటి గాలివానకి చిన్నరసాలు బాగానే రాలాయి. మీ అల్లుడుగారు రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదు, మూడోపూట తనే లేచి బంగినపల్లి కోతకి మనుషుల్ని పిలిచారు. రాలిన కాయ వృథా పోనివ్వకుండా పచ్చళ్ళు పెట్టాను. పెళ్ళికి పచ్చికాయే గడ్డిలో సర్ది తెస్తామని అన్నయ్యకి చెప్పు. పెళ్ళినాటికి పండుతాయి. పార్వతి ఇంటరు పరీక్షలు బాగానే రాశానంటోంది.

ఇక నీ అసలు ప్రశ్న. "ఆ నర్సమ్మ ఏం పథ్యం పెట్టింది? నెలన్నర నుంచీ వెళ్తున్నావు, ఎంత తగ్గావో ఒక్క ముక్కా రాయవు" అన్నావు. పథ్యం ఏమీ పెట్టలేదమ్మా. అదే ఆవిడ వైద్యం.

రిబ్కమ్మగారు గుంటూరు వైపు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, వాళ్ళ చెల్లెలి దగ్గర ఉండటానికి మా ఊరొచ్చారు. మహిళా మండలి గదిలో వారానికి రెండు సాయంత్రాలు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతారు. సన్నబడదామని వచ్చినవాళ్ళే ఎక్కువ. మొదటిరోజు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం, ఏం తినాలో ఏం తినకూడదో రాసుకుందామని. ఆవిడ రాయించలేదు. "ఆకలేసినట్టు మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగారు.

చివరికి కరణంగారి కోడలు లేచి, "మా ఆయన భోంచేసి చెయ్యి కడుక్కున్నాక తెలుస్తుందండి" అంది. గదంతా ఒకటే నవ్వు. నవ్వు ఆగాక చూసుకుంటే, సగంమంది కళ్ళు తుడుచుకుంటున్నాం. నా వంతు వచ్చినప్పుడు నేను నిజమే చెప్పాను. ఇవాళ ఏ వారం, ఇవాళ తినొచ్చా లేదా అన్నదే నాకు ముందు గుర్తొస్తుంది, ఆకలి సంగతి ఆ తరవాత.

నువ్వు నేర్పిన వారాలే అవి. సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకటేశ్వరస్వామికి, మధ్యలో ఏకాదశి వస్తే అదీ. నడుము పేరు చెప్పడానికి సిగ్గేసి దేవుళ్ళ పేర్లు చెప్పుకున్నాం. ఊళ్ళో నన్ను ఎంత భక్తురాలనుకున్నారంటే, ఎవరింట్లో పేరంటమైనా మొదటి తాంబూలం నాకే. కొండమీద శోభనాచలస్వామికి మాత్రం తెలిసే ఉంటుంది, ఈవిడ ఒంటిపొద్దులు నా కోసం కాదని. ఆ ఒంటిపొద్దు రోజునే మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక తలుపు వెనక నిలబడి తాండ్ర డబ్బా సగం చేసేదాన్ని. తర్వాత ఏడుపు. మర్నాడు ఇంకో దేవుడు.

రిబ్కమ్మగారు పెట్టిన మొదటి పని, ఇంట్లోవాళ్ళతోపాటు కంచం పెట్టుకుని, వేడిగా, కూర్చుని తినమని. అదేం పెద్ద పనా అనుకున్నాను. నా కంచం పట్టుకెళ్ళి మీ అల్లుడుగారి పక్కన కూర్చుంటే ఆయన ఇటూ అటూ చూసి, "ఏంటి, ఎవరన్నా వస్తున్నారా?" అన్నారు.

"ఎవరూ రావట్లేదండీ. నేనే వచ్చాను" అన్నాను.

ఆయన కాస్త జరిగి చోటిచ్చారు. గిన్నె అడుగున మిగిలినదే నా వాటా అనుకుంటూ ఇన్నేళ్ళు తిన్నాను. నాకు వంకాయ కూర ఇష్టమని ఆయనకి ఆరోజే తెలిసింది. నాకు కూడా అప్పుడే తెలిసిందేమో.

రెండో పని, నడవడం. నీళ్ళకో మేతకో కాదు, ఊరికే. పొద్దున్నే పార్వతీ నేనూ తోటలో చేతులూపుకుంటూ నడుస్తుంటే, కోతకొచ్చే ఇన్నమ్మ వెనకే వచ్చి, "ఏంటమ్మగారూ, ఏదన్నా పారేసుకున్నారా? నేనూ వెతుకుతా" అంది. పారేసుకున్న మాట నిజమే.

మూడోదే నాకు కష్టమైంది. తూకం చూసుకోకూడదు. నువ్వేమో షెడ్డులో కాటా ఉందిగా, వారం వారం తూగి రాయమన్నావు. ఇన్నాళ్ళూ కూలీలు అన్నాలకి వెళ్ళాక దొంగలా వెళ్ళి తూగేదాన్ని. "ఆ కాటా కాయలకండీ, మనుషులక్కాదు" అన్నారు రిబ్కమ్మగారు. అబద్ధం ఎందుకు, ఆవిడ చెప్పాక కూడా ఒకసారి ఎక్కాను. రాళ్ళు సర్దుతుంటే ఇన్నమ్మ చూడనే చూసింది. "మిమ్మల్ని ఏ మార్కెట్టుకి పంపుతున్నారమ్మగారూ?" అంది. దిగిపోయాను. మళ్ళీ ఎక్కలేదు.

కాబట్టి తగ్గానా పెరిగానా అంటే నాకు తెలియదు. చీరలు అలాగే పడుతున్నాయి, తగ్గి ఉండను. కానీ నూజివీడు డాక్టరుగారు చూసి బీపీ మునుపటికంటే నయమన్నారు. రాత్రి పడుకుంటే నిద్ర పడుతోంది. అన్నం తిన్నాక ఒక తాండ్రముక్క తిని డబ్బాకి మూత పెట్టేస్తున్నాను. మూత పెట్టడం నాకు చేతనవునని ఈ వయసులో తెలిసింది. నువ్వు దీన్ని గొప్పగా అనుకోవని తెలుసు. నాకు గొప్పే.

ఇప్పుడు పార్సెల్ సంగతి. పెళ్ళికి నాకూ పార్వతికీ కుట్టించిన పట్టు జాకెట్లు రెండూ అందాయి. రంగు చాలా బాగుంది. వాటితోపాటు ఆ ఆది జాకెట్టు కూడా పంపావు. "ఇద్దరివీ దీంతోనే కుట్టించాను. వారం వారం పిల్లకి తొడిగి చూడు, నువ్వూ చూసుకో. పెళ్ళినాటికి హుక్కులు పట్టాలి. లేకపోతే పిల్లని నెలముందే నా దగ్గరికి పంపు, నేను తగ్గిస్తాను" అని రాశావు. ఆ నాలుగు ముక్కలూ నాకు కంఠతా వచ్చేశాయి.

ఆ ఆదిని నేను మర్చిపోతానా. లేతాకుపచ్చ రంగు, చేతులకి సన్నంచు. నా పెళ్ళి కుదిరినప్పుడు దర్జీకి నువ్వు ఇచ్చింది అదే. "పిల్లని కొలవాలమ్మా" అని అతనంటే, "కొలవక్కర్లేదు, ఇది నా పెళ్ళినాటిది, దీనికి సరిపోవాలి" అన్నావు. పైగా లోపల గుడ్డ వదలొద్దన్నావు. వదిలితే విప్పుకుని వదులు చేసుకుంటానని నీ భయం. పెళ్ళిపీటల మీద నాకు ఊపిరాడలేదు. తలంబ్రాలు పోయడానికి చేతులెత్తితే చంక దగ్గర పటుక్కుమంది. అందరూ సిగ్గుతో తల దించుకున్నాననుకున్నారు.

పార్సెల్ రాగానే ఆ మూడు జాకెట్లూ మహిళా మండలికి పట్టుకెళ్ళాను. మా ఊళ్ళో మిషను కుట్టే బుజ్జమ్మ కూడా మాతోపాటే వస్తుంది. ఆదిని చేతిలోకి తీసుకుని, తిరగేసి, వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇదెవరిదమ్మగారూ?"

"మా అమ్మ పెళ్ళినాటిది."

"అప్పటికి ఆవిడకి ఎన్నేళ్ళు?"

"పద్నాలుగు" అన్నాను.

ఈ మాట నాకు చిన్నప్పట్నించీ తెలుసు. పద్నాలుగేళ్ళకే నీ పెళ్ళయిందని ఎన్నిసార్లు చెప్పావో. ఆ పద్నాలుగునీ ఈ జాకెట్టునీ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

"అదీ సంగతి. ఇది చిన్నపిల్ల జాకెట్టమ్మగారూ. ఛాతీ దగ్గర కుట్టు మడతలు కూడా లేవు, చూడండి. పెద్దాళ్ళకి ఇది ఆది ఎలా అవుద్ది?" అంది బుజ్జమ్మ.

గదిలో అందరూ దాన్ని చేతులు మార్చి చూశారు. రిబ్కమ్మగారు దాన్ని మడత పెట్టి నా ఒళ్ళో పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది అమ్మా. పెళ్ళిపీటల మీది పద్దెనిమిదేళ్ళ నన్నూ, పదిహేడేళ్ళ నా కూతుర్నీ, అరవైకి దగ్గరపడుతున్న నిన్నూ ఒక పద్నాలుగేళ్ళ పిల్లకి సరిపోలేదని ఇన్నేళ్ళూ తిట్టుకుంటున్నాం. ఎదిగినందుకు.

అంటుమొక్కలకి కట్టిన పీలికలు మీ అల్లుడుగారు మొన్నే తిరిగి కోయించారు. ఒకటి మర్చిపోయారట, అది కాండంలోకి నొక్కుకుపోయి మొక్క అక్కడ నడుం కట్టినట్టయింది. "కట్టేటప్పుడే విప్పాలని గుర్తుపెట్టుకోవాలి" అని తననే తను తిట్టుకున్నారు. నేను ఆ మొక్క దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఈ తర్వాతి మాట రాయకుండా ఉత్తరం ముగించేద్దామని కూడా అనిపించింది. రాస్తున్నాను.

కిందటి ఉత్తరంలో, మాఘమాసంలో షెడ్డులో నాకు కళ్ళు తిరిగి పడిపోయానని రాశాను. పడింది నేను కాదు. పార్వతి.

కార్తీకంలో నువ్వొచ్చినప్పుడు దానికి ఆ ఆది తొడిగి చూశావు గుర్తుందా? హుక్కులు అందలేదు. "తల్లికి తగ్గ కూతురివే" అని నవ్వావు. అదీ నవ్వింది. ఆరోజు నుంచీ తినడం మానేసింది. నాకు తెలియనివ్వలేదు. కాలేజీకి పట్టుకెళ్ళిన కేరియరు స్నేహితురాళ్ళకి పెట్టేసేది. రాత్రి అడిగితే కడుపు నిండిందనేది. మందు కొట్టిస్తూ షెడ్డు దగ్గరున్న వాళ్ళ నాన్నకి సెలవురోజుల్లో అన్నం తనే పట్టుకెళ్తానంటే, బుద్ధిమంతురాలని మురిసిపోయాను. అది వెళ్ళేది కాటా కోసం.

ఆరోజు చింతపండు ఎండబెట్టడానికి నేను కూడా షెడ్డుకి వెళ్ళాను. వెళ్ళేసరికి అది కాటా పలకమీద పడి ఉంది. పక్కన వాళ్ళ నాన్న కేరియరు. మీ అల్లుడుగారు తోట అవతలి చివర ఉన్నారు. పిలిస్తే వినపడదు. నేనే ఎత్తుకున్నాను. ఎదిగిన పిల్లని రెండు చేతుల మీద రోడ్డుదాకా మోసుకుంటూ పరుగెత్తాను, జీపు దొరికేదాకా దించలేదు. ఏ చేతులనుకున్నావు? లావుగా ఉన్నాయి, పొట్టిచేతుల జాకెట్టు వేసుకోకు, నలుగురిలో కొంగు కప్పుకో అని నువ్వు చెప్తావే, ఆ చేతులే.

నూజివీడులో డాక్టరుగారు దాని కనురెప్ప కిందికి లాగి చూసి, "రక్తమే లేదు. ఏంటమ్మా, మీ ఇంట్లో అన్నం లేదా?" అని అడిగారు. ఇంటినిండా ధాన్యం, తోటనిండా కాయ ఉన్నవాళ్ళం.

ఇంటికొచ్చాక, ఎందుకు చేశావే ఇలా అని అడిగాను. "నువ్వూ తినవుగా అమ్మా, అన్ని వారాలూ" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ మర్నాడే దాన్ని వెంటబెట్టుకుని రిబ్కమ్మగారి దగ్గరికి వెళ్ళాను. నా బీపీ కోసం వెళ్తున్నానని రాసింది సాకు. ఆడపిల్ల పడిపోయిందని తెలిస్తే మూర్ఛ అంటారని, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటారని దాచాను. నీ దగ్గర కూడా దాచాను. ఇప్పుడు దాచడం లేదు, ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు. పిల్ల ఇప్పుడు బాగుంది. మొదట్లో మూడు ముద్దలకే కంచం తోసేసేది, రిబ్కమ్మగారు బలవంతం చెయ్యొద్దన్నారు. మొన్న రాలిన కాయల్లో ఒకటి ఏరుకుని, ఉప్పూ కారం అద్దుకుని, చెట్టుకిందే నిలబడి తింది. తిన్నాక టెంకని దూరంగా విసిరి నవ్వింది. నేను పక్కకి తిరిగి ఏడ్చాను.

అందుకని చెప్తున్నాను అమ్మా, పార్వతిని నెలముందు పంపను. నీ దగ్గరికే కాదు, తగ్గిస్తానన్న ఏ ఇంటికీ పంపను. పెళ్ళికి రెండురోజుల ముందు ముగ్గురం కలిసి వస్తాం. వాళ్ళ కాలేజీ పిల్లల్లాగే నవ్వుతూ తిరుగుతుంది, పెళ్ళిభోజనం బంతిలో కూర్చుని తింటుంది. దాని ఒంటి గురించి దాని ఎదుట ఎవరు మాట్లాడినా, వదిన పుట్టింటివాళ్ళు కానీ మన పెదనాన్నగారి వాళ్ళు కానీ, జవాబు నేను చెప్తాను. నువ్వు మాట్లాడినా నేనే చెప్తాను. ముందే రాస్తున్నాను కాబట్టి నలుగురిలో పరువు తీశావని అనకు.

పట్టు జాకెట్లంటావా, అవే వేసుకుంటాం. బుజ్జమ్మ విప్పి చూస్తే లోపల రెండువేళ్ళ వెడల్పున గుడ్డ ఉంది. గుడ్డ వదలొద్దని నువ్వు ఆ భిలాయి దర్జీకి కూడా చెప్పే ఉంటావు. అతను నీ మాట వినలేదు. ఆయనెవరో కానీ నా నమస్కారాలు చెప్పు. బుజ్జమ్మ వదులు చేసి ఇచ్చింది. నిన్న ఇద్దరం వేసుకుని చేతులెత్తి చూసుకున్నాం. ఎక్కడా పట్టలేదు.

ఆ ఆది జాకెట్టు మాత్రం ఇప్పుడు లేదు. పార్వతీ నేనూ కూర్చుని కుట్టు కుట్టూ విప్పేశాం. కోపంతోనే మొదలుపెట్టాను. విప్పాక ముక్కలు చాపమీద పరిస్తే, ముందువి, వెనకది, చేతులు, ఎంత చిన్నగా ఉన్నాయో. నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. నువ్వు కాపురానికొచ్చి బండి దిగుతుంటే, ఎద్దులు అలిసిపోయాయర్రా అని నాయనమ్మ నవ్విందని నువ్వే ఒకసారి చెప్పావు. ఈ చాపమీద ముక్కల్లో పట్టే పిల్లని పట్టుకుని అన్న మాట అది. ఆరోజు నుంచీ నువ్వు సగం కడుపే తిన్నావు. కొంగు చివర బెల్లంముక్క ముడి వేసుకుని, ఎవరూ చూడకుండా నోట్లో వేసుకునేదానివి. చిన్నప్పుడే చూశాను, నీకు చెప్పలేదు. నాయనమ్మ పోయింది, నాన్నా పోయారు, నువ్వు మాత్రం ఇంకా ఆ బండి దిగుతూనే ఉన్నావు.

ముక్కలు పారేయలేదులే. ఉతికి మడతపెట్టి పెట్టెలో దాచాను. కానీ ఇక ఎవరికీ తొడగడానికి వీల్లేదు.

ఈ ఉత్తరం చదివి, "ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు ప్రమీలా" అంటావు. ఆ పనే చేస్తున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇప్పుడే దాన్ని దగ్గరికి రానిచ్చాను.

పెళ్ళయ్యాక నిన్ను మాతో తీసుకొస్తున్నాను. అన్నయ్యకి వేరే రాస్తాను. వద్దన్నా ఊరుకోను. అప్పటికి చిన్నరసాలు చివర్లో ఉంటాయి, తియ్యగా ఉండేవి అవే. నా పక్కన కంచం పెట్టుకుని కూర్చుందువుగాని. మీ అల్లుడుగారు జరిగి చోటివ్వడం నేర్చుకున్నారు. బుజ్జమ్మ నీకు నాలుగు జాకెట్లు కుట్టి ఇస్తానంది. కొలతకని పాతవేవీ పెట్టెలో సర్దుకోకు. ఆది అక్కర్లేదంది, టేపుందట. నువ్వు వచ్చి నిలబడితే చాలు.

ఇట్లు,
నీ ఆదికి సరిపోని కూతురు,
ప్రమీల.